మంచులో వేడెక్కిన ఇంజను

1911 అక్టోబరు 24వ తేదీన అంటార్కిటికా ఖండపు అంచున, కేప్ ఎవాన్స్ అనే చోటు నుంచి రెండు మోటారు బండ్లు దక్షిణ దిక్కుగా కదిలినవి. దక్షిణధ్రువాన్ని చేరుకొనడానికి ఇంగ్లీషు నౌకాదళపు కెప్టెన్ స్కాట్ సాగించిన యాత్రలో అవి ముందు నడిచిన దళం. వాటికి చక్రాలు లేవు. చక్రాలకు బదులు ఇరువైపులా గొలుసు వలె తిరిగే పట్టాలు ఉండేవి. మలుపు తిప్పే సాధనం కూడ లేదు; ఒక మనిషి ముందు నడుస్తూ, తాడు పట్టి లాగి, బండిని దారికి తేవలసి వచ్చేది. ఒక బండిని నడిపినవాడు బెర్నార్డు డే. రెండవదానిని నడిపినవాడు విలియం లాష్లీ. నౌకాదళంలో బాయిలర్ల దగ్గర పనిచేసి పెద్ద స్టోకరు స్థాయికి వచ్చినవాడు. నవంబరు 1వ తేదీ నాటికి రెండు బండ్లూ మంచు మీద శాశ్వతంగా నిలిచిపోయినవి. వాటిని అక్కడే వదలి, ఆ దళంలోని నలుగురూ మోకులు భుజాలకు తగిలించుకొని, సామాను తామే లాగుకొంటూ ముందుకు సాగినారు.

ఈ కథ విన్నవారెవరైనా, పాపం, ఆ చలికి ఇంజన్లు బిగుసుకొనిపోయి ఉంటవని అనుకొంటారు. నేనూ మొదట అట్లాగే అనుకొన్నాను. ఉత్తర దేశాల చలిని గురించి మనం చదివినదంతా మనచేత అట్లా అనిపిస్తుంది. కాని వారిని పీడించినది చలి కాదు, వేడి. అవి గాలితో చల్లబడే ఇంజన్లు. మన మోటారు సైకిళ్ల సిలిండరు చుట్టూ రేకులు ఉంటవే, ఆ జాతివి. అట్టి ఇంజనుకు వేగంగా పోతే గాలి తగులుతుంది. స్కాట్ బండ్లు గంటకు రెండు మూడు మైళ్లకు మించి పోవు. వెనుక మాత్రం కొండంత బరువు. బరువు లాగే ఇంజను ఊరక ఉండదు, కాగిపోతుంది. కొద్ది దూరం పోగానే ఆపి, అది చల్లారేదాకా నిలబడవలసి వచ్చేది. చల్లారిన తరువాతనైనా సుఖంగా కదిలిందా అంటే అదీ లేదు. సిలిండరు చల్లబడేటంతలో దాని పక్కనే ఉన్న కార్బురేటరు ఇంకా చల్లబడిపోయేది. పెట్రోలు ఆవిరి కావడం మానివేసేది. అప్పుడు ఇంజనును కప్పి ఉంచి కార్బురేటరును వెచ్చబరచి, మళ్లీ మొదలుపెట్టవలసినదే. ఒకే అడుగు ఎడంలో ఒక భాగం మితిమీరి వేడి, మరొక భాగం మితిమీరి చలి. చివరకు కనెక్టింగు రాడ్ల బేరింగులు కరగి విరిగి, ఒకటి తరువాత ఒకటి ప్రాణం విడిచినవి.

స్కాట్ తెచ్చినవి మూడు బండ్లు. మూడవది 1911 జనవరిలో ఓడ నుంచి దించుతూండగానే సముద్రపు మంచు పగిలి అడుగుకు పోయినది. దానిని గురించి చరిత్రకారులు చాలా వ్రాసినారు. అంతకన్న పెద్ద నష్టం ఇంకొకటి ఉన్నదని నా అభిప్రాయం. ఆ బండ్ల తయారీని మొదటినుంచీ చూచుకొని, నార్వే మంచులో వాటిని పరీక్షించి, వాటి గుణదోషాలు తెలిసిన ఇంజనీరు రెజినాల్డు స్కెల్టన్‌ను యాత్రకు తీసికొని పోలేదు. కారణం హోదా. యాత్రలో రెండవ నాయకుడైన లెఫ్టినెంటు ఎవాన్స్, హోదాలో తనకన్న పెద్దవాడు తన క్రింద పనిచేయడం కుదరదన్నాడు. తీరా ఆ మోటారు దళానికి నాయకత్వం వహించినవాడు ఆ ఎవాన్సే. 1912 ఫిబ్రవరిలో తిరుగుదారిలో అతడు స్కర్వీ వ్యాధితో పడిపోతే, స్లెడ్జి మీద పడుకోబెట్టి మైళ్ల తరబడి లాగుకొనివచ్చి బ్రతికించినవారిలో ఒకడు ఆ లాష్లీయే. రెండవవాడు టామ్ క్రీన్. ఇద్దరికీ ఆల్బర్టు పతకాలు ఇచ్చినారు. ఇది మన విషయానికి కొంచెం ప్రక్కదారి గాని, చెప్పకుండా ఉండలేకపోయినాను.

మంచు మీద నడిచే మోటారు బండిని ఈనాడు స్నోమొబైల్ అంటారు. ముందు రెండు స్కీ పలకలు, వెనుక తిరిగే రబ్బరు పట్టా, పైన మోటారు సైకిలు మాదిరి ఆసనం. మన సైనికులు సియాచిన్‌లో వాడే మంచు స్కూటరు ఇదే. దీని చరిత్ర వ్రాసేవారు చలిని జయించిన కథగా వ్రాస్తారు. ఆ బండ్లు నడిపేవారిని, బాగుచేసేవారిని అడిగితే వేరొక మాట చెబుతారు. చలిలో స్టార్టు కాని బండి యజమానిని ఇంటి ముందరనే నిలబెడుతుంది. అతడు నాలుగు తిట్లు తిట్టి, లోపలికి పోయి కాఫీ త్రాగుతాడు. వేడి మీద స్టార్టు కాని బండి అట్లా కాదు. ఉదయం ఒక్క లాగుకే పలుకుతుంది. ఇరవై మైళ్లు మోసుకొని పోతుంది. అడవి మధ్య గడ్డకట్టిన చెరువు ఒడ్డున పది నిమిషాలు ఆపి, తిరిగి తాడు లాగితే మాత్రం పలకదు. సూర్యుడు దిగిపోతూ ఉంటాడు. మనిషి ఒంటి మీద చెమట. ఆ చెమట చల్లబడటం మొదలుపెడుతుంది. అందుచేత ఈ రెండవ జబ్బు మొదటిదానికన్న ప్రమాదకరమైనది. స్కాట్ నాటి నుంచి నేటి వరకు ఈ బండ్ల చరిత్రలో సగం ఈ జబ్బుతో జరిగిన పోరాటమే.

స్కాట్ తరువాత పదమూడు సంవత్సరాలకు, 1924లో, అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో సేనర్ అనే చిన్న ఊరిలో కార్ల్ ఎలియాసన్ అనే అతడు ఒక బండి తయారుచేసినాడు. అతనికి పాదంలో అవిటితనం. మంచులో వేటకు పోయే స్నేహితులతో సమానంగా నడవలేకపోయేవాడు. ఆ వెనుకబాటే అతనిచేత ఈ పని చేయించినది. పొడుగుపాటి కొయ్య జారుడుబల్ల, సైకిలు భాగాలు, పడవలకు తగిలించే రెండున్నర అశ్వశక్తి మోటారు. ఇదీ అతని సరంజామా. పడవ మోటారు సరస్సు నీటినే పైకి లాగుకొని తన్ను తాను చల్లార్చుకొంటుంది. మంచు మీద ఆ నీరు ఎక్కడిది? కాళ్ల క్రింద కనుచూపు మేర మంచు పరచుకొని ఉన్నా, ఇంజనుకు దాహం తీర్చే చుక్క లేదు. ఎలియాసన్ ఒక పాత ఫోర్డు కారు రేడియేటరులో ఒక ముక్క తెచ్చి ఇంజనుకు తగిలించినాడు. ఆ చిన్న ముక్కను చూచినప్పుడు, ఇతడు స్కాట్ బండ్ల పాఠం చదువకుండానే నేర్చుకొన్నవాడు అనిపిస్తుంది. 1927లో అతనికి పేటెంటు లభించినది.

ఇంచుమించు అదే కాలంలో కెనడా దేశంలో, ఫ్రెంచి భాష మాట్లాడే క్విబెక్ రాష్ట్రంలో, వాల్కూర్ అనే గ్రామంలో జోసెఫ్ ఆర్మాన్ బొంబార్డియే అనే పదిహేనేళ్ల కుర్రవాడు 1922లో పాత ఫోర్డు ఇంజనుకు విమానపు పంఖా వంటిది బిగించి, మంచు మీద ఊరి వీధిలో పరుగెత్తించినాడు. తిరిగే పంఖా ఎవరి ప్రాణానికి వస్తుందోనని భయపడి తండ్రి దానిని విప్పివేయించినాడు. కుర్రవాడు పెద్దవాడై అదే ఊరిలో గరాజు పెట్టినాడు. వేసవిలో కార్ల పని, శీతకాలంలో ప్రయోగాలు. ఆ దేశంలో అప్పుడు శీతకాలం వచ్చిందంటే పల్లెల దారులు మూతపడేవి. కార్లను దిమ్మెల మీద ఎక్కించి, గుర్రపు బండ్లను బయటికి తీసేవారు. 1934 శీతకాలంలో అతని రెండేళ్ల కొడుకుకు కడుపులో అపెండిక్సు వాచి పగిలినది. దారులు మంచులో మునిగి ఉన్నవి. ఆసుపత్రికి తీసికొనిపోగల బండి ఏదీ సిద్ధంగా లేదు. తండ్రి గరాజులోని ప్రయోగపు బండి కూడ కదిలే స్థితిలో లేదు. బిడ్డ దక్కలేదు.

1937లో బొంబార్డియేకు పట్టాను త్రిప్పే పళ్లచక్రపు ఏర్పాటు మీద పేటెంటు వచ్చినది. ఏడుగురు కూర్చొనే బండి, తరువాత పన్నెండుగురు కూర్చొనే బండి బజారులోకి వచ్చినవి. వైద్యులు, తపాలావారు, బడిపిల్లలు వాటిలో ప్రయాణం చేసినారు. 1948లో క్విబెక్ ప్రభుత్వం పల్లె దారులలో సైతం మంచు తీయించాలని నిర్ణయించినది. ఊరివారికి అది వరం. బొంబార్డియే కార్ఖానాకు పిడుగు. అమ్మకాలు పడిపోయినవి. ఆయన బరువైన పనులకు పనికివచ్చే పట్టా బండ్లు చేస్తూ నిలదొక్కుకొన్నాడు గాని, ఒకరిద్దరు మాత్రమే ఎక్కి పోగలిగే తేలిక బండి చేయాలన్న పాత కోరిక అట్లాగే ఉండిపోయినది. ఇన్నేళ్లు ఆగింది దేనికోసమంటే, తేలికైన ఇంజను కోసం. 1950ల చివరకు అది దొరికినది. 1959లో స్కీడూ అనే బండి వెలువడినది; దాని తొలి నమూనా ఒకటి ఉత్తరాన ఒంటారియో అడవులలో పనిచేస్తున్న ఒక మతగురువుకు, ఆయన స్నేహితునికి, చేరినది. ఆ సంవత్సరం అమ్ముడుపోయినవి 225 బండ్లు. కుక్కలు లాగే బండికి బదులుగా వచ్చినది గనుక స్కీడాగ్ అని పేరు పెట్టదలచినారని, అచ్చులో జరిగిన పొరపాటు వలన స్కీడూ అయినదని ఒక కథ చెబుతారు. నిజమైనా కాకపోయినా, అచ్చుతప్పులతో నిత్యం కాపురం చేసే మావంటివారికి కొంత ఊరట.

మొదటి స్కీడూలలో నాలుగు స్ట్రోకుల ఇంజను ఉండేది. 1960ల తొలినాళ్లలో ఆస్ట్రియా దేశపు రోటాక్స్ వారి రెండు స్ట్రోకుల ఇంజను దాని స్థానాన్ని ఆక్రమించినది. తేలిక, చవుక, బలం ఎక్కువ. వాల్వులు లేవు, ఆయిలు తొట్టి లేదు. పెట్రోలులోనే ఆయిలు కలిపి పోస్తారు. వేడి మీద మొరాయించే జబ్బు ఇంటింటి జబ్బు అయినది ఇక్కడినుంచే. ఎందుకో చెప్పాలంటే మా నాన్నగారి స్కూటరు దగ్గరకు రావలసి ఉంటుంది.

ఆ స్కూటరు ఏ కంపెనీదో చెప్పను. రెండు స్ట్రోకుల ఇంజను, రేకుల తొడుగు లోపల గాలి విసిరే పంకా. అచ్చంగా ఆనాటి మంచు బండిలో ఉండే ఏర్పాటే. నాన్నగారు బడిపంతులు. మే నెలలో విజయవాడ దగ్గర రైల్వే గేటు పడితే, పెట్రోలు ఆదా కోసం ఇంజను ఆపేవారు. రైలు పోయేది, గేటు తెరుచుకొనేది, అందరూ పోయేవారు. మా స్కూటరు మాత్రం ఎన్ని కిక్కులు కొట్టినా దగ్గేది గాని పలికేది కాదు. నాన్నగారు ఉదయం చేసే అలవాటు ప్రకారం చోకు లాగేవారు. అప్పుడు ఆ దగ్గు కూడ పోయేది. ఒకనాడు గేటు పక్కనున్న మెకానిక్కు వచ్చి, "మాస్టారూ, అది దాహంతో లేదండీ, తాగింది ఎక్కువై ఉంది. చోకు ముయ్యండి, రేసు నిండా ఇచ్చి కొట్టండి," అన్నాడు. నాలుగో కిక్కుకు నల్లటి పొగ వదలి పలికినది. క్విబెక్ అడవిలోను, మినెసోటా పొలాలలోను ఏ మెకానిక్కయినా చెప్పే మొదటి మాట కూడ అదే.

జరిగే సంగతి ఇది. ఇంజను నడుస్తున్నంతసేపు పంకా గాలి విసురుతూ ఉంటుంది. అంతేగాక, కార్బురేటరులో పెట్రోలు ఆవిరి అవుతూ తన చుట్టూ ఉన్న లోహం నుంచి వేడిని లాగుకొంటుంది. చేతి మీద పెట్రోలు పడితే చల్లగా తోచడం అందుకే. ఇంజనును ఆపిన మరుక్షణం ఈ రెండూ ఆగిపోతవి. సిలిండరులోని వేడి మాత్రం ఆగదు. అది నిదానంగా పక్కకు ప్రాకి కార్బురేటరును, పెట్రోలు పంపును, ఇగ్నిషను కాయిలును వేడెక్కిస్తుంది. అందుచేత ఇంజను ఆపిన పది పదిహేను నిమిషాలకు కార్బురేటరు, నడుస్తున్నప్పటికంటె ఎక్కువ వేడిగా ఉంటుంది. బయట ఎంత మంచు ఉన్నా సరే, తొడుగు లోపల చిన్న కుంపటి ఉన్నట్లే. ఫ్లోటు గిన్నెలోని పెట్రోలు మరిగి, జెట్ల గుండా పొంగి ఇంజనులోకి జారుతుంది. రెండు స్ట్రోకుల ఇంజనులో మిశ్రమం ముందు క్రాంకు గదిలోకి వచ్చి, అక్కడినుంచి సిలిండరు చేరుతుంది కదా. ఆ గది అడుగున పెట్రోలు మడుగు కడుతుంది. మొదటి లాగుతో ప్లగ్గు తడిసిపోతుంది. తడిసిన ప్లగ్గు నిప్పు రాల్చదు.

ఇంకొక రకం ఉన్నది. గొట్టంలోనో పంపులోనో పెట్రోలు మరిగి ఆవిరి బుడగ కడుతుంది. ఆ బండ్లలో పెట్రోలు పంపు క్రాంకు గదిలోని గాలి ఒత్తిడి ఎగుడుదిగుళ్లతో పనిచేసే పలుచని పొర. చేతితో తాడు లాగినంత మాత్రాన ఆ పొరకు వచ్చే బలం కొద్దిపాటిది. అది ద్రవాన్ని నెట్టగలదు గాని ఆవిరిని నెట్టలేదు. అప్పుడు ప్లగ్గు పొడిగా ఉంటుంది. లక్షణం ఒకటే, కారణాలు నేరుగా వ్యతిరేకం: ఒకదానిలో పెట్రోలు ఎక్కువ, మరొకదానిలో బొత్తిగా లేదు. ఒకదానికి చేసే చికిత్స రెండవదానికి విషం. అందుకని అనుభవజ్ఞులు తాడు లాగి లాగి భుజం పోగొట్టుకొనే ముందు ప్లగ్గు ఊడదీసి చూస్తారు. తడిగా ఉంటే తుడిచి, చోకు మూసి, రేసు పూర్తిగా తెరచి, ప్లగ్గు లేకుండానే కొన్నిసార్లు ఇంజనును త్రిప్పి, లోపలి పెట్రోలును బయటకు తోలివేస్తారు. పొడిగా ఉంటే తొడుగు తెరచి, పంపు మీద పిడికెడు మంచు పెడతారు. మంచు దేశంలో ఉన్న సుఖం అదొక్కటి.

ప్లగ్గు సరిగా ఉండి, పెట్రోలూ అందుతూ ఉంటే నిప్పును అనుమానించాలి. ఇది దొరకని దొంగ. కాయిలులోని రాగి తీగ వేడెక్కినకొద్దీ, ఒక్కొక్క సెంటీగ్రేడు డిగ్రీకి దాని నిరోధం నూటికి సుమారు 0.4 వంతు పెరుగుతుంది. 50 డిగ్రీలు పెరిగితే అయిదవ వంతు ఎక్కువైనదన్నమాట. దానికి తోడు తీగ చుట్టల మధ్య ఉండే పూత ఎక్కడైనా చిట్లి ఉంటే, చల్లగా ఉన్నప్పుడు అతుక్కొని ఉండి, వేడికి వ్యాకోచించి తప్పిపోతుంది. పాయింట్ల పక్కనుండే కండెన్సరుదీ అదే తీరు. బండిని కార్ఖానాకు తెచ్చేసరికి చల్లారుతుంది. మెకానిక్కు లాగితే ఒక్క లాగుకు పలుకుతుంది. యజమాని అబద్ధాలకోరు అయిపోతాడు. వాల్వు రేడియోలు ఉన్న రోజులలో ఇటువంటి సెట్లు ఉండేవని మా స్టేషనులోని పెద్దలు చెప్పేవారు. వార్తలు చక్కగా వినిపించి, సరిగ్గా సంగీత కచేరీ మొదలై అరగంట కాగానే గొంతు కోల్పోయేవట. దుకాణానికి మోసుకొనిపోతే అక్కడ మళ్లీ గంధర్వగానమే. ఆ సెట్లలో దొంగ తరచు ఒక కండెన్సరే. దానిని పట్టుకొనడానికి ఒకటే దారి. వేడిగా ఉన్నప్పుడే పరీక్షించడం. మంచు బండికీ అంతే. మొరాయించిన క్షణంలో, మొరాయించిన చోటనే, నిప్పు నీలంగా చురుకుగా ఉన్నదా, పసుపుగా నీరసంగా ఉన్నదా చూడాలి. పెట్రోలు ఆవిరి చుట్టూ ఉండగా చేసే పని గనుక, ప్లగ్గు రంధ్రానికి దూరంగా చూడాలి.

మూడవది శ్వాస. పిస్టను రింగులు అరిగినా, చల్లగా ఉన్నప్పుడు చిక్కని ఆయిలు ఆ సందులను కప్పి ఉంచుతుంది. వేడికి ఆయిలు పలుచబడగానే గుట్టు బయటపడుతుంది. రెండు స్ట్రోకుల ఇంజనులో ఇంకొక రహస్యపు చిల్లు ఉన్నది: క్రాంకు ఇరుసు రెండు కొసలా ఉండే రబ్బరు సీళ్లు. అవి ఎండి గట్టిపడితే క్రాంకు గది ఊపిరి పట్టలేదు. బయటి గాలిని పీల్చుకొంటుంది. మిశ్రమంలో పెట్రోలు పలుచనై, దానితోపాటు ఆయిలూ తగ్గి, ఇంజను మరింత కాగుతుంది. దీనిని నిర్లక్ష్యం చేసినవారికి స్టార్టు కాకపోవడంతో సరిపోదు. ఒకనాడు నడుస్తూ నడుస్తూనే పిస్టను సిలిండరును పట్టేస్తుంది. లాష్లీ బండి బేరింగులు చెప్పినది ఈ మాటే, వేరే యాసలో.

ఆ రోజులలో ఈ బండ్ల మీద నమ్మకం కుదరడానికి కొందరు ప్రాణాలకు తెగించి దూరప్రయాణాలు చేసినారు. మినెసోటా రాష్ట్రంలోని రోసో పట్టణంలో పొలారిస్ కంపెనీ స్థాపకులలో ఒకడైన ఎడ్గార్ హెట్టీన్ 1960లో అలాస్కాలోని బెతెల్ నుంచి ఫేర్‌బ్యాంక్స్ వరకు సుమారు 1,200 మైళ్లు తమ బండ్ల మీద పోయినాడు. కంపెనీలోని భాగస్వాములు అభినందించకపోగా, పని మాని తిరిగినాడని కోపగించుకొన్నారు. అతడు బయటికి వచ్చి, తరువాత ఆర్కిటిక్ క్యాట్‌గా పేరు పొందిన మరొక కంపెనీని పెట్టినాడు. 1968 ఏప్రిల్‌లో మినెసోటావాడే అయిన రాల్ఫ్ ప్లెయిస్టెడ్ తన దళంతో స్కీడూల మీద ఉత్తరధ్రువం చేరినాడు. అంతకు ముందు సంవత్సరం ఒకసారి ప్రయత్నించి విఫలుడైనవాడు. ఆ నలుగురిలో బొంబార్డియే అన్న కుటుంబమో తమ్ముని కుటుంబమో కాని, ఆ ఇంటి పిల్లవాడు జాన్‌లూక్ ఒకడు. వాల్టర్ పెడర్సన్ అనే మెకానిక్కు మరొకడు. స్కాట్ తన మెకానిక్కును ఒడ్డున వదలిన 58 సంవత్సరాలకు, ప్లెయిస్టెడ్ తన మెకానిక్కును ధ్రువం దాకా వెంట తీసికొనిపోయినాడు. ఆ విజయాన్ని చూడడానికి బొంబార్డియే లేడు. 1964 ఫిబ్రవరిలో ఆయన కాలధర్మం చెందినాడు.

పెట్రోలు విషయంలో ఒక చిత్రమైన సంగతి ఉన్నది. చలి దేశాలలో నూనె శుద్ధి కర్మాగారాలవారు శీతకాలపు పెట్రోలులో బ్యూటేన్ వంటి తేలిక పదార్థాలను ఎక్కువగా కలుపుతారు. బ్యూటేన్ ఇంచుమించు సున్న డిగ్రీల వద్దనే మరుగుతుంది గనుక, గడ్డకట్టే ఉదయాలలో ఇంజను తేలికగా అందుకొంటుంది. ఫాల్గుణం దాటి ఎండ కాస్త తేరుకొన్నప్పుడు, టాంకులో ఇంకా ఆ శీతకాలపు పెట్రోలే ఉంటే, అదే గుణం దోషమై కూర్చుంటుంది. మార్చి నెల మధ్యాహ్నం, మంచు మెత్తబడి పట్టాకు బరువు పెరిగి, ఇంజను కాగి, లోపల పెట్రోలు తొందరపడి మరిగిపోయే వేళ; చలి వైద్యుడు ఇచ్చిన మందే జబ్బు చేస్తుంది. జనవరి అంతా చక్కగా నడచిన బండి మార్చిలో ఎందుకు పాడైనదని తలలు పట్టుకొన్నవారిలో చాలమంది బండిలో ఏ దోషమూ లేనివారు.

1970ల నుంచి పాయింట్లు, కండెన్సర్లు పోయి ఎలక్ట్రానిక్ ఇగ్నిషను వచ్చినది. నీటితో చల్లబడే ఇంజన్లు వచ్చినవి. వేడెక్కిన నీటిని పట్టా పైనున్న అల్యూమినియం గొట్టాలలోకి పంపితే, పట్టా ఎగజిమ్మే మంచే దానిని చల్లారుస్తుంది. ఎలియాసన్ రేడియేటరు ముక్కకు ఇది మనుమడు. ఈ ఏర్పాటులో ఒక తిరకాసు ఉన్నది: గట్టిపడిన మంచు దారి మీదనో, నున్నని గాజు వంటి మంచుగడ్డ మీదనో పోతే పట్టా మంచును ఎగజిమ్మదు, చుట్టూ మంచు ఉండగానే ఇంజను మళ్లీ కాగుతుంది. అందుకని పట్టాకు ముందు మంచును గీరి పైకి లేపే ఉక్కు ముళ్లు తగిలించుకొంటారు. కార్బురేటరు బదులు పెట్రోలును సూదిమందు వలె లోపలికి కొట్టే పద్ధతి 1990లలో వ్యాపించినది. అందులో పంపు విద్యుత్తుతో నడుస్తుంది. పెట్రోలు ఎప్పుడూ ఒత్తిడిలో ఉంటుంది. ఒత్తిడిలో ఉన్న ద్రవం అంత తొందరగా మరగదని మన వంటింట్లోని ప్రెషరు కుక్కరు రోజూ చెబుతూనే ఉన్నది. వేడి మీద మొరాయించే జబ్బు చాలవరకు తగ్గినది ఈ మార్పు వలననే.

తగ్గినది గాని, పోలేదు. పాత కార్బురేటరు బండ్లు కెనడాలోను, అమెరికా ఉత్తర రాష్ట్రాలలోను ఇంకా నడుస్తూనే ఉన్నవి. వాటిని ప్రేమగా బాగుచేసుకొని, పిల్లలకు నేర్పి, శీతకాలపు ఉత్సవాలలో ఊరేగించే కుటుంబాలు ఉన్నవి. అట్టి బండి ఒకదాని మూత ఎత్తి చూస్తే, ఇంజను పక్కన చిన్న గూటి వంటి పట్టు కనిపిస్తుంది. అది కార్ఖానాలోనే బిగించి పంపినది. అందులో రెండు కొత్త స్పార్కు ప్లగ్గులు, పొడిగా, నిలువుగా నిలబెట్టి ఉంటవి.